పడకుండా తూలడం నేర్పే తెర

తలమీద చెంబుతో నీళ్ళు పోసుకుంటూ కళ్ళు మూసుకోగానే ఒళ్ళు పక్కకు తూలుతుంది. చెయ్యి తనంతట తానే గోడ కోసం వెతుకుతుంది. రాత్రి కరెంటు పోతే పెరట్లోకి నాలుగడుగులు వెయ్యాలన్నా భయం. పట్టపగలు, చదునైన నేల మీద మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉండి అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు డాక్టరు దగ్గర తరచుగా చెప్పుకునే బాధ ఇది. ఇంకొందరి బాధ వేరు. ఇంట్లో బాగానే తిరుగుతారు. సూపర్ మార్కెట్లో రెండువైపులా సరుకుల అరల మధ్య నడిచినా, జనం కిటకిటలాడే బెసెంట్ రోడ్డులోనో కోఠిలోనో అడుగుపెట్టినా తల తిరిగి, దేన్నైనా పట్టుకోవాలనిపిస్తుంది. ఫోన్‌లో తెర వేగంగా జరిగితే చాలు, కడుపులో తిప్పుతుంది. ఇంట్లోవాళ్ళు నీరసమనో, బీపీ అనో, వయసు మీదపడిందనో సరిపెట్టేస్తారు.

రెండు బాధలకూ మూలం ఒకటే. కదలకుండా నిలబడ్డామని మనం అనుకునేటప్పుడు కూడా చీలమండల దగ్గర అనుక్షణం కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటాం. ఆ ఊగుడును మెదడు సరిదిద్దుతూ ఉంటుంది కాబట్టి అది మనకు తెలియదు. సరిదిద్దడానికి దానికి మూడు చోట్ల నుంచి కబురు అందాలి. మొదటిది లోపలి చెవి. ఒక్కో చెవిలో మూడేసి అర్ధవర్తుల కుల్యలు తల ఎటు తిరుగుతోందో పసిగడతాయి. వాటి పక్కనే ఉండే యుట్రిక్యులస్, శాక్యులస్ అనే చిన్న సంచులు తల ఎటు వాలిందో, మనిషి ముందుకో కిందికో ఎలా కదులుతున్నాడో చెబుతాయి. రెండోది కళ్ళు. మూడోది అరికాలి చర్మం, కీళ్ళు, కండరాలు. మెదడు ఇక్కడ ముగ్గురు సాక్షుల మాట వినే పంచాయతీ పెద్దలాంటిది. ముగ్గురూ ఒకే మాట చెబితే తీర్పు క్షణంలో అయిపోతుంది. ఒక సాక్షి నోరు మూగబోతే మిగతా ఇద్దరి మాట మీద ఎక్కువ ఆధారపడుతుంది. షుగర్‌తో అరికాళ్ళు మొద్దుబారిన మనిషికి కళ్ళే పెద్ద దిక్కు. అవి కూడా మూసుకుంటే తూలక ఏమవుతాడు?

కంటి మాటకు మెదడు ఎంత విలువ ఇస్తుందో రైలు ప్రయాణం చేసినవాళ్ళందరికీ తెలుసు. స్టేషన్లో పక్క పట్టాల మీది రైలు కదిలితే మన రైలే బయలుదేరిందనిపిస్తుంది. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో డేవిడ్ లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఇదే విషయాన్ని ప్రయోగం చేసి చూపించాడు. ఆయన కట్టించిన గదిలో నేల స్థిరంగా ఉండేది, చుట్టూ ఉన్న గోడలూ కప్పూ మాత్రం ముందుకూ వెనక్కూ జరిగేవి. అప్పుడప్పుడే నిలబడటం నేర్చిన పసిపిల్లల్ని అందులో నిలబెట్టి గోడల్ని కొద్దిగా జరిపితే పిల్లలు తూలారు, కొందరు కూలబడ్డారు. నేల కదల్లేదు, ఎవరూ తొయ్యలేదు. కళ్ళు చెప్పిన తప్పుడు కబురు ఒక్కటే వాళ్ళను పడేసింది. పెద్దవాళ్ళు పడిపోరు కానీ ఊగుతారు.

కంటికి చూపించేదాన్ని మార్చి మనిషిని తూలేలా చెయ్యగలిగితే, అదే పద్ధతిలో తూలకుండా ఉండటాన్ని కూడా నేర్పవచ్చు. నిలకడ తప్పినవారి చికిత్సలో వర్చువల్ రియాలిటీకి, అంటే వీఆర్‌కి, చోటు దొరికింది ఈ ఆలోచన వల్లే.

అయితే వీఆర్ కన్నా ముందే ఈ చికిత్సకు ఒక చరిత్ర ఉంది. 1940లలో ఇంగ్లండ్‌లో టెరెన్స్ కాథార్న్ అనే చెవి వైద్యుడూ, కూక్సీ అనే పునరావాస వైద్యుడూ కలిసి లోపలి చెవి దెబ్బతిన్న రోగుల కోసం కొన్ని వ్యాయామాలు కూర్చారు. తల తిరుగుతోందని మంచానికి అతుక్కుపోయినవారి కంటే లేచి కదిలినవారు త్వరగా కోలుకోవడం వారు గమనించారు. పడుకునే కళ్ళను పైకీ కిందికీ తిప్పడం, కూర్చుని తల ఊపడం, నిలబడి బంతి ఒక చేతి నుంచి మరో చేతికి విసరడం, కళ్ళు తెరిచీ మూసీ నడవడం, ఇలా వరుసగా కష్టం పెంచుతూ పోవడమే వారి పద్ధతి. నేటికీ ఫిజియోథెరపిస్టులు ఈ వ్యాయామాలు చేయిస్తున్నారు. దీని వెనక సూత్రం మామూలు మనిషికి విడ్డూరంగా అనిపిస్తుంది. ఏ కదలిక చేస్తే తల తిరుగుతుందో ఆ కదలికనే తట్టుకోగలిగినంత మేరకు, మళ్ళీమళ్ళీ చెయ్యాలి. కళ్ళు చూసేదానికీ చెవి చెప్పేదానికీ పొత్తు కుదరకపోతే మెదడుకు ఆ తేడా తెలుస్తుంది. ఆ తేడాయే దానికి పాఠం. తేడా కనబడకుండా దాచిపెడితే మెదడు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

తల తిరుగుడుకు మాత్రలు వేసుకుని నెలల తరబడి కదలకుండా కూర్చునేవారు కోలుకోవడం ఆలస్యమయ్యేది అందుకే. వాంతులతో లేవలేని మొదటి రెండు మూడు రోజుల్లో ఆ మాత్రలు ఎంతో మేలు చేస్తాయి. తరవాత కూడా మగతనిచ్చే మందులను వాడుకుంటూ పోతే, మెదడు కొత్త లెక్క నేర్చుకునే పనికి అవి అడ్డుపడతాయి. మన దగ్గర పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు ఏళ్ళ తరబడి కొనుక్కునేవాళ్ళు తక్కువేమీ కాదు. డాక్టరును అడగకుండా ఆపెయ్యమని నేను చెప్పను. కానీ ఇంకా ఎంతకాలం వాడాలని అడగడం మాత్రం రోగి హక్కు.

ఇక సూపర్ మార్కెట్ బాధ దగ్గరికి వద్దాం. లోపలి చెవికి వైరస్ జబ్బు చేసి తగ్గాక కొందరి మెదడు కంటినే ఎక్కువగా నమ్మడం అలవాటు చేసుకుంటుంది. ప్రశాంతమైన గదిలో దీనివల్ల ఇబ్బంది లేదు. కళ్ళ ముందు లోకమంతా కదిలే చోట మాత్రం అతిగా నమ్మిన ఆ కళ్ళే మోసం చేస్తాయి. ఇలాంటివారికి తర్ఫీదు ఇవ్వాలంటే రద్దీ కావాలి, కదలిక కావాలి. ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ గదిలో తెల్లగోడ తప్ప ఏముంటుంది? పోనీ నేరుగా బజారుకు తీసుకెళితే అక్కడి రద్దీ మన చేతుల్లో ఉండదు. ఒకరోజు ఖాళీగా ఉంటుంది, ఇంకోరోజు తిరునాళ్ళలా ఉంటుంది. రోగి భరించగలిగినంత రద్దీని కొలిచి ఇచ్చే వీలు ఎక్కడా లేదు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో సూసన్ విట్నీ, ప్యాట్రిక్ స్పార్టో బృందం ఈ చిక్కుకు ఒక చక్కని మార్గం కనిపెట్టింది. వాళ్ళు ఒక కిరాణా దుకాణాన్నే తెరల మీద కట్టారు. మనిషి చుట్టూ పెద్ద తెరలు, కాళ్ళ కింద ట్రెడ్‌మిల్, చేతిలో సరుకుల బండి పిడి. పిడిని ఎంత బలంగా తోస్తే ట్రెడ్‌మిల్ అంత వేగంగా కదులుతుంది, తెరమీద అరలు అంత వేగంగా వెనక్కి జరుగుతాయి. నడుస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ అరల్లో చెప్పిన సరుకు ఎక్కడుందో వెతకాలి. మొదట సాదాగా ఉండే అరల మధ్య నడిపిస్తారు. అలవాటయ్యేకొద్దీ రంగులూ డబ్బాలూ పెరిగి కంటికి చిక్కు పెరుగుతుంది. తల మరీ తిరిగితే ఆగిపోవచ్చు, పడే భయం లేదు. ఆరు వారాలు వారానికోసారి ఇలా సాధన చేసినవారిని, అంతే కాలం మామూలు వ్యాయామాలు చేసినవారితో పోల్చి చూశారు. రెండు జట్లూ బాగుపడ్డాయి. ఒకదాని కన్నా ఇంకొకటి గొప్పగా మెరుగని మాత్రం తేలలేదు.

ఈ ఫలితం చూసి నిరాశపడనక్కర్లేదని నా అభిప్రాయం. తెర అనేది మందు కాదని, మందును కొలిచి ఇచ్చే సాధనమని అది చెబుతోంది. అసలు మందు సాధనే. మంచి ఫిజియోథెరపిస్టు బంతితో, దిండుతో, గోడమీద అంటించిన అక్షరంతో ఆ మందు ఇవ్వగలిగితే అదీ పనిచేస్తుంది. కానీ కొన్ని పరిస్థితులను బంతితోనూ దిండుతోనూ సృష్టించలేం. వీఆర్ అసలు బలం అక్కడే ఉంది.

ఆ బలం బాగా కనిపించినది పెద్దవయసువారు పడిపోకుండా చూసే ప్రయత్నంలో. పడిపోవడం చిన్న విషయం కాదు. ప్రపంచవ్యాప్తంగా ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 80 శాతానికి పైగా మనలాంటి అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే. తుంటి ఎముక విరిగితే ఆ ఇంట్లో జీవితమే మారిపోతుంది. ఎముక విరగకపోయినా భయం పట్టుకుంటుంది. భయంతో నడక మానేస్తే కండ తగ్గుతుంది, కండ తగ్గితే పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

పెద్దవాళ్ళు పడేది చాలాసార్లు కాళ్ళలో బలం లేక మాత్రమే కాదు, మనసు రెండు పనుల మధ్య చీలినప్పుడు. 1997లో స్వీడన్ పరిశోధకులు లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. వృద్ధులతో కలిసి నడుస్తూ వాళ్ళు మాట కలిపారు. మాట్లాడటం కోసం నడక ఆపేసినవారు తరవాతి నెలల్లో ఎక్కువగా పడ్డారు. వారికి నడక తనంతట తాను సాగే పనిగా మిగల్లేదు, ధ్యాసంతా పెట్టి చెయ్యాల్సిన పనైపోయింది. ఫోన్ మోగినా, మనవడు పిలిచినా, కాలికి అడ్డంగా పిల్లి వచ్చినా ఆ ధ్యాస చెదురుతుంది.

ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో అనత్ మిరెల్‌మన్, జెఫ్రీ హౌస్‌డార్ఫ్ బృందం దీని మీదే గురిపెట్టింది. ఇజ్రాయెల్, బెల్జియం, ఇటలీ, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో 60 నుంచి 90 ఏళ్ళ వయసున్న 302 మందిని ఎంచుకున్నారు. అందరూ అంతకుముందు ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు పడినవారే. కొందరికి పార్కిన్సన్స్ జబ్బు, కొందరికి జ్ఞాపకశక్తిలో కొంత తగ్గుదల కూడా ఉన్నాయి. సగం మంది ట్రెడ్‌మిల్ మీద నడిచారు, అంతే. మిగతా సగం మంది కూడా ట్రెడ్‌మిల్ మీదే నడిచారు, కానీ ఎదురుగా పెద్ద తెర. వారి పాదాల కదలికను కెమెరా పట్టి తెరమీద చూపిస్తుంది. తెరమీద దారిలో అడ్డంకులు వస్తాయి, వాటిని దాటేలా కాలెత్తాలి. దారి చీలుతుంది, ఎటు వెళ్ళాలో తేల్చుకోవాలి. మధ్యలో దృష్టి మళ్ళించేవి ఎన్నో వస్తాయి. పడిపోకుండా నడుముకూ భుజాలకూ పైనుంచి పట్టీలు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు, ఆరు వారాలు.

తరవాత ఆరు నెలల పాటు ఎవరెన్నిసార్లు పడ్డారో లెక్క రాశారు. ట్రెడ్‌మిల్ మాత్రమే చేసినవారిలో సగటు 10.7 నుంచి 8.27కి తగ్గింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పేంత పెద్దది కాదు. తెర కూడా ఉన్నవారిలో 11.9 నుంచి 6కి పడిపోయింది, అంటే దాదాపు సగానికి. 2016లో లాన్సెట్‌లోనే ఇది అచ్చయింది. రెండు జట్లూ నడిచింది ఒకే యంత్రం మీద, ఒకే వ్యవధి. తేడా అంతా నడుస్తూ చూడటం, ఆలోచించడం, తేల్చుకోవడం నేర్పినందువల్లే వచ్చింది. ఒక విషయం గమనించాలి. అక్కడ ఎవరి తలకూ కళ్ళద్దాల పెట్టె తగిలించలేదు. ఎదురుగా తెర ఉంది, అంతే. వీఆర్ అనగానే మనకు గుర్తొచ్చే హెడ్‌సెట్ లేకుండానే ఇంత ఫలితం వచ్చింది.

పక్షవాతం సంగతి కొంచెం వేరు. ఒకవైపు కాలూ చెయ్యీ చచ్చుబడిన మనిషి బరువంతా బాగున్న కాలిమీదే మోపుతాడు. బలహీనమైన కాలిని నమ్మడు. 2007లో నింటెండో కంపెనీ ఆటల కోసం తెచ్చిన పలక ఒకటి ఇక్కడ ఊహించని విధంగా అక్కరకొచ్చింది. బరువు తూచే యంత్రంలా ఉండే ఆ పలక, మీద నిలబడిన మనిషి బరువు ఎటు వాలిందో చెబుతుంది. ప్రయోగశాలల్లోని ఖరీదైన పలకలకు బదులు దాన్ని పెట్టుకుని ప్రపంచమంతటా ఫిజియోథెరపిస్టులు రోగుల చేత తెరమీది ఆటలు ఆడించారు. మన దేశంలో ఐఐటీ గాంధీనగర్‌లో ఉత్తమా లాహిరి బృందం ఇలాంటి పలకతోనే పక్షవాతం వచ్చినవారికి తగిన సాధన రూపొందించింది. తెరమీది వస్తువు చెప్పిన చోటికి చేరాలంటే రోగి తన బరువును పద్ధతిగా అటూ ఇటూ మార్చాలి. చేతనైనకొద్దీ పని కష్టమవుతుంది. ఇలాంటి వాటితో ఒక చిక్కు కూడా ఉంది. ఆటల కంపెనీలు లాభం లేదనుకోగానే సరుకు ఆపేస్తాయి. శరీర కదలికను పట్టే మైక్రోసాఫ్ట్ వారి కైనెక్ట్ కెమెరా 2010లో వచ్చింది, 2017లో తయారీ ఆగిపోయింది. దాని మీద ఆధారపడిన చికిత్సా పద్ధతులు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి.

పక్షవాతంలో వీఆర్ మీద జరిగిన 72 పరీక్షలను, వాటిలోని 2,470 మంది రోగుల ఫలితాలను కలిపి, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో ఒక సమీక్ష ఇచ్చింది. మామూలు ఫిజియోథెరపీకి బదులుగా వీఆర్ ఇస్తే నడక వేగంలో గానీ నిలకడలో గానీ చెప్పుకోదగ్గ అదనపు మేలు కనబడలేదు. మామూలు చికిత్సకు తోడుగా, సాధన చేసే సమయం పెరిగేలా వాడినప్పుడు చేతి వాడకంలో మేలు కనిపించింది. తెర పనికిరాదని దీని అర్థం కాదు. పక్షవాతం వచ్చిన మనిషికి కావలసింది వేల సార్లు తిరిగి చేసే సాధన. పదోసారికే విసుగు పుట్టే పనిని ఆటగా మార్చి ఇంకో అరగంట చేయించగలిగితే ఆ అరగంట విలువైనదే. ఫిజియోథెరపిస్టు చేతిని తీసేసి ఆ చోట తెర పెట్టడం మాత్రం తప్పు.

హెడ్‌సెట్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడది ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోగలిగే వస్తువైంది. అది పెట్టుకోగానే మనిషికి తన పాదాలు కనబడవు, పక్కనున్న మంచం కనబడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే దానితో నిలబడి ఊగుతారు. తల తిప్పిన తరవాత దృశ్యం మారడం 20 మిల్లీసెకన్ల కంటే ఆలస్యమైతే వికారం కలగవచ్చు. మన చూపును స్థిరంగా ఉంచే సహజమైన ఏర్పాటు అంతకంటే చాలా చురుకైనది. తల కదిలిన దాదాపు 10 మిల్లీసెకన్లలోనే అది కళ్ళను ఎదురుదిక్కుకు తిప్పేస్తుంది. అందుకే నిలకడ లేని మనిషికి ఇంట్లో ఒంటరిగా హెడ్‌సెట్ తగిలించి నిలబెట్టడం ప్రమాదం. చికిత్సాలయంలో కూడా మొదట కుర్చీలో కూర్చోబెట్టి, కొద్ది నిమిషాలతో ప్రారంభించి, తరవాతే నిలబెట్టాలి. పక్కన పట్టుకునే మనిషో, పై నుంచి పట్టీయో ఉండాలి. మూర్ఛలు వచ్చేవారు ముందే ఆ సంగతి చెప్పాలి.

అసలు వీఆర్ అక్కర్లేని తల తిరుగుడూ ఉంది. మంచంమీద పక్కకు ఒత్తిగిలినప్పుడో, పైకి చూసినప్పుడో కొన్ని సెకన్లపాటు లోకం గిర్రున తిరిగి ఆగిపోతే, చాలావరకు అది లోపలి చెవిలోని సున్నపు రేణువులు ఉండాల్సిన చోటు నుంచి జారి కుల్యల్లోకి చేరడం వల్ల. దీనికి తెలిసిన డాక్టరో ఫిజియోథెరపిస్టో తలను ఒక వరుసలో తిప్పి ఆ రేణువులను వెనక్కి పంపిస్తారు. ఎప్లీ పద్ధతి అంటారు. పది నిమిషాల పని, యంత్రమేమీ అక్కర్లేదు. దీనికి నెలరోజుల వీఆర్ ప్యాకేజీ అమ్మజూపేవారుంటే రోగ నిర్ధారణ జరగలేదనే లెక్క.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి చోట్ల మీకు వీఆర్ చికిత్స చెయ్యించుకోమని ఎవరైనా చెబితే ముందు కొన్ని ప్రశ్నలు అడగండి. నా తూలుడుకు కారణం చెవా, నరాలా, మెదడా, మందులా? ఇప్పుడు నా నిలకడ ఎంతో కొలిచారా? కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్షకు గడియారం తప్ప ఏమీ అక్కర్లేదు. నిలకడను కొలిచే బెర్గ్ స్కేలులో 14 పనులు చేయించి 56కి మార్కులు వేస్తారు. మొదట ఈ కొలత లేకపోతే ఆరు వారాల తరవాత బాగుపడ్డారో లేదో చెప్పేదెలా? కష్టం ఎలా పెంచుతారు, పడకుండా ఏ ఏర్పాటుంది, ఇంటి దగ్గర రోజూ ఏం చెయ్యాలి? వీటికి తిన్నగా జవాబు చెప్పేవారి దగ్గర తెర ఉన్నా లేకపోయినా మేలే జరుగుతుంది. పరికరాన్ని చూపించి మాట దాటేసేవారి దగ్గర డబ్బు పెట్టకండి.

తెర ఎక్కడా దొరకని ఊళ్ళో ఉన్నవారు ఆగిపోనక్కర్లేదు. బొటనవేలిని కళ్ళెదుట పెట్టుకుని దానిమీంచి చూపు చెదరకుండా తల అటూ ఇటూ తిప్పడం, గోడ మూలన ఒక మనిషి తోడుతో పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం, నడుస్తూ మాట్లాడటం లాంటివి ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి సరిగ్గా నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవారు ఈ ఏడాదిలో రెండుసార్లు పడి ఉంటే, దెబ్బ తగలకపోయినా సరే, వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఉన్నట్టుండి తూలుడు మొదలై దానితోపాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకరపోవడం, కాలూ చెయ్యీ పట్టు తప్పడం వంటివి ఏవైనా ఉంటే అది వ్యాయామాలతో తీరేది కాదు, పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.